ఉచిత మిక్సీకి 699 రూపాయలు: ఒక పార్శిల్ కేసు పూర్వాపరాలు

తెనాలి దగ్గర ఒక పల్లెలో కుట్టు మిషన్ మీద ఇల్లు నడుపుకునే ఒకావిడ తరఫున జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నేను నడిపిన కేసు ఇది. ఆవిడ సరేనన్నాకే రాస్తున్నాను. పేరు మార్చి రమణమ్మగారు అంటాను. కంపెనీ పేరు, ఆర్డర్ నంబరు, తేదీలు వదిలేశాను. గొడవంతా కలిపితే ఆరు వేల రూపాయల లోపే. అయినా పూర్తిగా రాయడానికి కారణం ఉంది. ఫోన్ చేసి పార్శిల్‌లో తెప్పించుకున్న వస్తువుల మీద నా దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో చాలావాటిది ఇదే తీరు. వస్తువు వస్తుంది, పనిచేస్తుంది కూడా. కానీ దాన్ని ఎంతకు కొన్నామన్నది కొన్నవాళ్లకే తెలియదు. అడిగితే ఒక్కో రోజు ఒక్కో అంకె చెబుతారు. అది వాళ్ల అమాయకత్వం అనుకుంటే పొరపాటు. ఆఫర్‌ను అల్లిందే అలా.

ఆఫర్ ఏమిటి

రమణమ్మగారి అమ్మాయికి పెళ్లయిన మొదటి శ్రావణం. సారెతో పాటు అత్తారింటికి ఒక మిక్సీ కూడా పంపాలనుకున్నారు. ఇంట్లో మిక్సీ కూడా పాతబడి, జార్ అడుగున కారుతోంది. సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం లోకల్ కేబుల్‌లో ప్రకటన వచ్చింది. మిస్డ్ కాల్ ఇస్తే కొన్నాళ్లకు పోస్టులో ఆవిడ పేరు మీదే ఒక కరపత్రం వచ్చింది. దాని మీద రెండు మిక్సీలు పక్కపక్కన, ఒకే రంగు, ఒకే సైజు. పెద్ద తెలుగు అక్షరాలతో: 9,990 రూపాయల మిక్సీ కేవలం 3,999కే, ఒకటి కొంటే ఒకటి ఉచితం, పైగా 2,000 రూపాయల గిఫ్ట్ వోచర్లు ఉచితం. 9,990 మీద ఎర్ర గీత కొట్టి ఉంది. అట్టడుగున చుక్క గుర్తు పెట్టి, ఇంగ్లిష్‌లో నాలుగైదు వరుసల షరతులు. తర్వాత ఆ అక్షరాల పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయించాను. ఒక మిల్లీమీటరు ఎత్తు కూడా లేవు.

"ఇంటికొకటి, అమ్మాయికొకటి. వాళ్లు నా కోసమే పెట్టారేమో అనుకున్నానండీ" అన్నారావిడ మొదటిసారి వచ్చినప్పుడు. ఈ మాట ముఖ్యం. ఆవిడకు కావలసింది రెండో మిక్సీ. ఒక్కటే అయితే తెనాలిలో తెలిసిన షాపులోనే తీసుకునేవారు. అంటే ఆవిడ చేత కొనిపించింది "ఉచితం" అన్న ఆ వాగ్దానమే. కేసు మొత్తం దాని మీదే నిలబడింది.

ఫోన్ చేస్తే అవతల అమ్మాయి చక్కటి తెలుగులో, అమ్మా అమ్మా అంటూ మాట్లాడింది. ఆఫర్ ఇవాళ్టితో అయిపోతుందంది. అడ్రసు, పిన్‌కోడ్ రాసుకుంది. పార్శిల్ వచ్చాక డబ్బు కట్టమంది. మొత్తం ఎంతవుతుందో చెప్పలేదు. 3,999 అని కరపత్రంలోనే ఉందిగా అని ఈవిడా అడగలేదు.

పార్శిల్‌తో మొదలు

కొరియర్ అబ్బాయి పార్శిల్ తెచ్చి 4,346 అడిగాడు. 3,999కి తోడు ప్యాకింగ్ అండ్ హ్యాండ్లింగ్ 248, క్యాష్ ఆన్ డెలివరీ ఫీజు 99. తనకేమీ తెలియదు, కట్టకపోతే వెనక్కి పంపుతానన్నాడు. పక్కింటివాళ్లు చూస్తున్నారు, సారెకు రోజులు దగ్గరపడ్డాయి. కట్టేశారు. కట్టాకే విప్పాలి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మన దేశంలో తపాలా శాఖ వీపీపీ, అంటే వస్తువు అందేటప్పుడు పోస్ట్‌మాన్‌కు డబ్బు కట్టే పార్శిల్ పద్ధతి, పెట్టింది 1877లో. వాచీలు, రేడియోలు, మందులు, పుస్తకాలు వీపీపీలో తెప్పించుకున్న పెద్దవాళ్లను అడగండి. ముందు పోస్ట్‌మాన్‌కు డబ్బు, ఆ తర్వాతే సీలు తీయడం. వస్తువు చూడకుండా కట్టే ఆ ఒక్క నిమిషం మీదే మోసాలన్నీ అప్పుడూ ఆధారపడ్డాయి, ఇప్పుడూ ఆధారపడుతున్నాయి. తేడా అల్లా, అప్పట్లో కట్టేది ఒక్కసారి. ఇప్పుడు ఆ డబ్బును ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ ఒక్కో సందర్భంలో, ఒక్కో పేరుతో తీసుకుంటున్నారు.

పెట్టెలో ఒక్కటే మిక్సీ ఉంది. 750 వాట్లు, మూడు జార్లు. మంచిదే. రెండోదాని బదులు ఒక కార్డు. బిల్లు కాపీ జతచేసి 10 రోజుల్లో "ఉచిత బహుమతి క్లెయిమ్" చేసుకోవాలట. ఫోన్ చేస్తే, షిప్పింగ్ ఖర్చు కింద 699 కట్టండి, లింకు పంపుతాం అన్నారు. డిగ్రీ చదివే కొడుకు తన ఫోన్‌లో యూపీఐతో కట్టాడు. పిన్ రెండుసార్లు అడిగింది. మొదటిసారి ఫెయిలైందేమో అనుకుని మళ్లీ కొట్టాడు. నిజానికి మొదటి పిన్ 699 కోసం. రెండోది నెలకు 199 చొప్పున ఏదో "సేవింగ్స్ క్లబ్" సభ్యత్వానికి ఆటోపే అనుమతి. మొదటి నెల ఉచితం కాబట్టి వెంటనే డబ్బు కట్ కాలేదు, అనుమానమూ రాలేదు. ఆ పేజీలో సభ్యత్వం గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది.

రెండో మిక్సీ సారె వెళ్లిపోయిన తర్వాత వచ్చింది. 300 వాట్లు, ఒకే జార్, పచ్చళ్లకు వాడే బుల్లి మిక్సీ. కరపత్రంలో రెండూ ఒకే సైజులో ఉన్నాయే అంటే, షరతుల్లో "సమాన లేదా తక్కువ విలువ గల వస్తువు" అని ఇంగ్లిష్‌లో ఉందన్నారు.

అప్పుడే ఆవిడ ఎవరో చెబితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశారు. తర్వాత ఆ డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు నంబరు, మాకు ఎంతో పనికొచ్చింది. కంపెనీ జవాబుగా 500 రూపాయల వోచర్ ఇస్తామంది. ఈవిడ వద్దన్నారు. ఇంకొన్ని నెలలకు కొడుకు బ్యాంకు మెసేజ్‌లు చూసుకుంటూ నాలుగు సార్లు 199 కట్ అయిందని గమనించాడు. ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చారు.

అన్నీ ఒకే కాగితం మీద

ఇలాంటి కేసుల్లో కక్షిదారు చెప్పే వరుసలో వింటూ పోతే మనమూ గందరగోళపడతాం. వోచర్ల సంగతి, సభ్యత్వం సంగతి, చిన్న మిక్సీ సంగతి దేనికదే వేరే గొడవలా ఉంటుంది. కంపెనీకి కావలసింది కూడా అదే. 248 కోసం ఎవరూ కోర్టుకు రారు, 199 కోసం అసలే రారు. అందుకే ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని, వాళ్ల చేతిలోంచి పోయిన ప్రతి రూపాయినీ, పోయిన క్రమంలో రాయించాను. పార్శిల్‌కు 4,346. ఉచిత మిక్సీకి 699. కలిపితే 5,045. సభ్యత్వానికి నాలుగు 199లు, 796. మొత్తం 5,841. కరపత్రం మీదున్న 3,999 కంటే 1,842 ఎక్కువ.

ఇక వచ్చిన వస్తువుల విలువ. ఎర్ర గీత కొట్టిన ఆ 9,990 ఎక్కడిది? అట్టపెట్టెను తిరగేస్తే అడుగున, కొరియర్ టేపు కింద సగం కప్పబడి ఒక స్టిక్కర్ ఉంది: గరిష్ఠ చిల్లర ధర 4,200, అన్ని పన్నులతో కలిపి. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద ఎమ్మార్పీ, తయారీ నెల, ఫిర్యాదు చేయాల్సిన చిరునామా వంటివి ముద్రించాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతాయి. అంటే సగానికి పైగా తగ్గింపు అని ఊరించిన చోట అసలు తగ్గింపు 201 రూపాయలు, ఐదు శాతం కూడా లేదు. బుల్లి మిక్సీ పెట్టె మీద 1,299. తర్వాత కంపెనీ తన జవాబులో 9,990 అంటే రెండు మిక్సీలు, వోచర్లు కలిపిన విలువ అంది. కలిపి చూశాం. 4,200, 1,299, 2,000. 7,499 అయింది. మిగతా 2,491 దేని విలువో చివరిదాకా చెప్పలేదు.

వోచర్లు విప్పి చూస్తే 200 రూపాయలవి 10. ఒక ఆర్డరుకు ఒక్కటే వాడాలి. ఆర్డరు 1,500కు తగ్గకూడదు. వాళ్ల కేటలాగ్‌లోవే కొనాలి. గడువు 60 రోజులు. 2,000 మొత్తం వాడుకోవాలంటే రెండు నెలల్లో పది ఆర్డర్లు, 15,000 రూపాయల సరుకు కొనాలి. ప్రతి ఆర్డరుకూ హ్యాండ్లింగ్ 248, డెలివరీ దగ్గర ఫీజు 99, అంటే 347 చెల్లించాలి. 200 కాపాడుకోవడానికి 347 ఖర్చు. ఈ లెక్క చూపించినప్పుడు రమణమ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. కుట్టుకూలి లెక్కలు కాగితం లేకుండా చేసే మనిషి. లెక్క రాక మోసపోలేదావిడ. లెక్క వేయడానికి కావలసిన అంకెలన్నీ ఒకేచోట ఎవరూ ఆవిడ ముందు పెట్టలేదు.

స్క్రాచ్ కార్డు కూడా ఒకటి వచ్చింది. గీకితే కారు తగిలిందని, ముందుగా పన్ను పంపితే కారు పంపుతామని. ఆవిడ పంపలేదు. బహుమతి మీద పన్ను ఆదాయపు పన్ను శాఖకు మన పాన్ నంబరు మీద జమ కావాలి. ఎవరిదో సొంత యూపీఐ ఖాతాకు వెళ్లాల్సిన పనే లేదు. ఆ కార్డును సైబర్ క్రైమ్ 1930కి చెప్పి అక్కడితో వదిలేశాం. అది ఈ కంపెనీయే పంపిందో, వీళ్ల దగ్గర చిరునామాలు సంపాదించిన ఇంకెవరైనా పంపారో రుజువు చేయలేం. రుజువు చేయలేనిదాన్ని ఫిర్యాదులో కలిపితే, చేయగలిగినవాటి బలం కూడా తగ్గుతుంది.

బిల్లులో దొరికింది

కేసుకు అసలు ప్రాణం రెండో పార్శిల్‌తో వచ్చిన జీఎస్టీ బిల్లు. మడతపెట్టి జార్‌లో పెట్టారు. ఎవరూ తీసి చదవలేదు. అందులో ఒకే ఒక వరుస: మిక్సీ 300 వాట్లు, 1, ధర 592.37, 18 శాతం జీఎస్టీ 106.63, మొత్తం 699. షిప్పింగ్ అన్న మాటే లేదు.

అంటే ఒకే 699కి మూడు వేషాలు. కరపత్రంలో ఆ డబ్బు ఊసే లేదు, వస్తువు ఉచితం. ఫోన్‌లో అది షిప్పింగ్ ఖర్చు. ప్రభుత్వానికి చూపించే బిల్లులో అదే మిక్సీ ధర. పన్ను లెక్కల్లో అబద్ధం చెబితే చిక్కని, అక్కడ మాత్రం నిజం రాశారు. ఇలాంటి ఫిర్యాదుతో ఎవరొచ్చినా నేను మొదట అడిగేది బిల్లే. ప్రకటన రాసేది ఒకరు, ఫోన్‌లో మాట్లాడేది ఒకరు, బిల్లు వేసేది ఇంకొకరు. ముగ్గురూ ఒకే కథ చెప్పడం అరుదు.

నిజాయితీగా నడిచే "ఒకటి కొంటే ఒకటి" ఆఫర్లలో కూడా రెండోది ఉచితమని పన్ను శాఖ అనుకోదు. 2019 మార్చి 7న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 92వ నంబరు సర్క్యులర్‌లో ఈ విషయం స్పష్టంగా ఉంది: ఒకటి అమ్మి ఇంకొకటి ఊరికే ఇచ్చినట్టు పైకి కనిపించినా, అది ఒక్క ధరకు రెండు వస్తువులు అమ్మడమే. ఈ మాట కొనేవాళ్లకు కూడా తెలిస్తే ఎంత బాగుండును అనిపిస్తుంది. ఆఫర్ చూడగానే "రెండోది ఉచితమా" అని కాకుండా "రెండూ కలిపి ఎంతకిస్తున్నారు" అని అడగగలుగుతారు.

ఒక పోలిక కూడా మాకు కలిసొచ్చింది. పెద్ద మిక్సీ, మూడు జార్లతో, బరువైన పార్శిల్. దానికి ప్యాకింగ్, హ్యాండ్లింగ్ అన్నీ కలిపి 248 తీసుకున్నారు. దాంట్లో సగం కూడా లేని బుల్లి మిక్సీని అదే చిరునామాకు పంపడానికి 699 ఎలా అవుతుంది? ఇదే ప్రశ్న లీగల్ నోటీసులో అడిగాం. జవాబు రాలేదు.

చట్టం దగ్గరికి

2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47)లో అనుచిత వ్యాపార పద్ధతుల జాబితా ఉంది. అందులో ఒకటి: వస్తువు ధర లావాదేవీ మొత్తంలో పూర్తిగానో కొంతో కలిసిపోయి ఉండగా, ఉచితంగా ఇస్తున్నామన్న అభిప్రాయం కలిగించడం. ఆ "లావాదేవీ మొత్తంలో" అన్నమాట మీదే నేను నిలబడ్డాను. 3,999 ఒక అమ్మకం, 699 ఇంకో అమ్మకం, 199 మూడో ఒప్పందం అని కంపెనీ విడదీస్తుంది. చట్టం అన్నిటినీ కలిపి చూడమంటుంది. మేం ముందే వేసుకున్న తెల్ల కాగితం లెక్క సరిగ్గా చట్టం చెప్పిన పనే.

దీనికి తోడు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన తప్పుదారి పట్టించే ప్రకటనల మార్గదర్శకాలున్నాయి. ఉచితం అని చెప్పి, ఆ వస్తువుకు ప్యాకింగ్, హ్యాండ్లింగ్, నిర్వహణ ఖర్చుల పేరుతో డబ్బు తీసుకోకూడదు. తప్పనిసరి డెలివరీ ఖర్చు మాత్రం తీసుకోవచ్చు. ఈ తేడా చాలామందికి తెలియదు. తెలియకే, "డెలివరీ ఛార్జీ అడిగారు కాబట్టి మోసం" అని ఫిర్యాదు చేసి ఓడిపోతుంటారు. డెలివరీ ఖర్చు అడగడం తప్పు కాదు. డెలివరీ ఖర్చు పేరు చెప్పి వస్తువు ధర రాబట్టడం తప్పు. బిల్లు లేకపోతే ఈ రెండిటినీ వేరుచేసి చూపడం మాకు చాలా కష్టమయ్యేది.

అవే మార్గదర్శకాల్లో షరతుల గురించి ఒక నిబంధన ఉంది. ప్రకటనలో ప్రధానమైన మాట ఏ భాషలో చెప్పారో, దాని కింద వేసే షరతులూ అదే భాషలో, అదే అక్షరాల్లో, కనిపించే చోట ఉండాలి. పైన చెప్పినదాన్ని కింద షరతు కొట్టేయకూడదు. మన కరపత్రంలో ఆశ తెలుగులో, మెలిక ఇంగ్లిష్‌లో. మన రాష్ట్రాల్లో దుకాణాల గోడల మీద, టీవీలో, పేపరు మధ్యలో పెట్టే కరపత్రాల్లో ఇది ఎంత మామూలైపోయిందో గమనించండి. నాకు దీని మీద ఉన్నంత కోపం ఆ 699 మీద కూడా లేదు. తెలుగులో అమ్మగలిగినవాళ్లు తెలుగులో నిజం చెప్పలేరా?

సభ్యత్వం విషయంలో 2020 ఈ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయన్నాం. ముందే టిక్కు పెట్టిన గడులతో వినియోగదారుడి ఒప్పుదల తీసుకోకూడదని అందులో సూటిగా ఉంది. కొనేవాళ్లను మభ్యపెట్టే ఆన్‌లైన్ ఎత్తుగడల మీద 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో పేర్కొన్న 13 రకాల్లో మా కేసులో నాలుగు కనిపించాయి: ఇవాళే ఆఖరి రోజు అని తొందరపెట్టడం, అడగనిది బుట్టలో చేర్చడం, విడిపించుకోలేని చందా, ధరను చుక్కలు చుక్కలుగా బయటపెట్టడం.

వాళ్ల వాదన

కంపెనీ తరఫు న్యాయవాది సమర్థుడు. ఆయన వాదనలు రాయడం అవసరం, ఎందుకంటే ఇవే వాదనలు రేపు ఇంకొకరికీ ఎదురవుతాయి.

మొదటిది, వివాదాలేవైనా తమ ఊరి కోర్టులోనే తేల్చుకోవాలని షరతుల్లో ఉంది కాబట్టి ఇక్కడ కేసు చెల్లదని. పాత చట్టంలో ఈ ఇబ్బంది నిజంగానే ఉండేది. 2019 చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదు చేసేవాళ్లు తాము నివసించే చోట లేదా పనిచేసే చోట కేసు వేసుకోవచ్చు. పార్శిల్‌లో వస్తువులు తెప్పించుకునేవాళ్లకు ఈ ఒక్క మార్పు చేసిన మేలు అంతా ఇంతా కాదు. కమిషన్ ఆ అభ్యంతరాన్ని పక్కన పెట్టింది.

రెండోది, ఆర్డర్ ఫోన్‌లో ఇచ్చారు కాబట్టి ఇది ఈ-కామర్స్ కాదని. చట్టం నిర్వచనంలో డిజిటల్ లేదా ఎలక్ట్రానిక్ నెట్‌వర్క్ ద్వారా కొనడం, అమ్మడం అని ఉంది. పైగా 699, సభ్యత్వం రెండూ వాళ్లు పంపిన లింకులోనే జరిగాయి.

మూడోది కాస్త గట్టిది. సభ్యత్వం డబ్బు కొడుకు ఖాతాలోంచి పోయింది, ఫిర్యాదు తల్లి పేరు మీద ఉంది కదా అని. ఈ అభ్యంతరం వస్తుందని ముందే ఊహించి కొడుకును రెండో ఫిర్యాదుదారుగా చేర్చాం. ఇళ్లలో ఆర్డర్ ఒకరి పేరు మీద, ఫోన్ ఒకరిది, ఖాతా ఇంకొకరిది కావడం మామూలే. ఎవరి ఖాతాలోంచి పోయిందో వాళ్లను కూడా ఫిర్యాదులో చేర్చడం మంచిది.

నాలుగోది: 1,299 వస్తువు 699కే వచ్చింది, ఆమెకు లాభమే కదా, నష్టం ఎక్కడ? దీనికి మేం తెనాలి షాపులోంచి కొటేషన్ తెచ్చాం. అదే సామర్థ్యం ఉన్న పెద్ద మిక్సీ 3,300, చిన్నది 1,000, రెండూ కలిపి 4,300. ఆవిడ ఈ రెండిటికీ కట్టింది 5,045. వేరే బ్రాండ్లతో పోలిక కుదరదని ఆయన అన్నారు. కమిషన్ కూడా కొటేషన్‌కు పెద్దగా విలువ ఇవ్వలేదు. కానీ లాభమా నష్టమా అన్నది ప్రశ్న కాదు, ఉచితమని చెప్పింది ఉచితంగా ఇచ్చారా లేదా అన్నదే ప్రశ్న అని తేల్చింది. నాకు ఆ వాక్యం చాలు. 2017 జనవరిలో జాతీయ కమిషన్ ఇలాంటి దారిలోనే వెళ్లింది. దుకాణంలో నేరుగా 40 శాతం తగ్గింపు అని బోర్డు పెట్టి, బిల్లులో దాని మీద వ్యాట్ కలపడం అనుచిత వ్యాపార పద్ధతే అని చెప్పింది. ఆ తీర్పు కాపీ జతచేశాం.

ఫోన్ రికార్డింగ్ సంగతి కూడా చెప్పాలి. కాల్ మొదట్లోనే "ఈ కాల్ రికార్డ్ అవుతోంది" అన్న మాట వినిపించింది. ఆ రికార్డింగ్ తెమ్మని దరఖాస్తు వేశాం. 90 రోజుల తర్వాత చెరిపేస్తామన్నారు. 1915 హెల్ప్‌లైన్ నుంచి ఫిర్యాదు వాళ్లకు చేరింది ఆ 90 రోజుల లోపే. వివాదం ఉందని తెలిసీ రికార్డింగ్‌ను దాచి ఉంచలేదంటే, అందులో ఉన్నది వాళ్లకు అనుకూలమైనది కాదని కమిషన్ భావించింది. ఒక్క ఫోన్ కాల్, ఒక్క డాకెట్ నంబరు ఇంత పని చేసింది. వెంటనే ఫిర్యాదు చేయండి అని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

సాక్ష్యాల్లో కరపత్రం, దాని పోస్టు కవరు, స్టిక్కరున్న అట్టపెట్టె, రెండు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్, లింకు పేజీ స్క్రీన్‌షాట్ ఇచ్చాం. స్క్రీన్‌షాట్‌కు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేశాం. కేబుల్ ప్రకటన రికార్డు ఎవరి దగ్గరా లేదు. కరపత్రం లేకపోతే కేసు చాలా బలహీనపడేది. రమణమ్మగారు దాన్ని బ్లౌజు కొలతలు రాసుకునే పుస్తకంలో పెట్టి ఉంచారు, వెనక ఖాళీ ఉందని నాలుగు కొలతలు కూడా రాశారు. ఆ కొలతలతోనే దాఖలు చేశాం.

తీర్పు

కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఫిర్యాదు ఈ-జాగృతి పోర్టల్‌లో వేశాం. చట్టం 3 నెలల్లో తేల్చమంటుంది. మాకు అంతకంటే బాగా ఎక్కువే పట్టింది. మధ్యలో మధ్యవర్తిత్వం ప్రస్తావన వచ్చింది. డబ్బు ఇస్తాం, తప్పు చేశామని రాయం అంది కంపెనీ. రమణమ్మగారు ఒప్పుకోలేదు. "అది ఉచితం కాదని వాళ్ల చేత చెప్పించండి లాయరుగారూ" అన్నారు.

699, సభ్యత్వం 796, ప్యాకింగ్ 248, కలిపి 1,743 వడ్డీతో తిరిగి ఇవ్వాలని, మానసిక వేదనకు 5,000, ఖర్చులకు 3,000 ఇవ్వాలని ఆర్డరు వచ్చింది. ఈ తరహా ప్రకటన మానేయాలని కూడా చెప్పింది. క్యాష్ ఆన్ డెలివరీ ఫీజు 99 మాత్రం తిరిగి ఇప్పించలేదు, నగదు ఇంటికొచ్చి తీసుకోవడం నిజంగా చేసిన సేవేనని. పెద్ద మిక్సీకి రీఫండ్ అడగలేదు, అది బాగానే ఉంది. వోచర్ల మీద మా వాదనను కమిషన్ ఒప్పుకోలేదు. ఒక్క వోచర్ కూడా వాడి చూడలేదు కాబట్టి నష్టం రుజువు కాలేదంది. దీంతో నేను ఏకీభవించను. వాడితే నష్టమే అని కాగితం మీద తేలుతున్నప్పుడు, ఇంకో 1,500 పోగొట్టుకుని రమ్మనడం న్యాయం కాదు. కానీ దాని కోసం అప్పీలుకు వెళ్లి ఆవిడ్ని మళ్లీ తిప్పడం ఇష్టం లేక ఆగాం. కంపెనీ కూడా అప్పీలు చేయలేదు. చేయాలంటే ఆర్డరు మొత్తంలో సగం ముందు జమ చేయాలి. గడువులోపే డబ్బు కట్టేసింది.

ఒకరికి న్యాయం జరిగింది. ఆ కరపత్రం ఎంతమందికి వెళ్లిందో ఆలోచిస్తే మాత్రం టెన్షన్‌గా ఉంటుంది. అందుకే ఆర్డరు కాపీ, కరపత్రం, 699 బిల్లు జతచేసి సెక్షన్ 17 కింద జిల్లా కలెక్టరుగారికి, కేంద్ర సంస్థకు విడిగా ఫిర్యాదు పంపాం. వినియోగదారులందరికీ హాని చేసే ప్రకటనల మీద కలెక్టరుకు కూడా ఫిర్యాదు చేయవచ్చని చాలామంది వకీళ్లకే తెలియదు. తప్పుదారి పట్టించే ప్రకటన అని తేలితే కేంద్ర సంస్థ మొదటిసారి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు. 199 చొప్పున వేలమంది దగ్గర వసూలు చేసేవాళ్లకు దాదాపు పది వేల రూపాయల ఆర్డరు లెక్కలోకి రాదు, ఈ జరిమానా లెక్కలోకి వస్తుంది. ఆ ఫిర్యాదు ఇంకా విచారణలోనే ఉంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి పార్శిల్ వచ్చి ఉంటే, ముందు యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మాండేట్స్ అన్న చోట చూడండి. తెలియని పేరు కనిపిస్తే అక్కడికక్కడే రద్దు చేసుకోవచ్చు, అమ్మినవాళ్ల అనుమతి అక్కర్లేదు. కరపత్రం, కవరు, అట్టపెట్టె, బిల్లు పారేయకండి. ఫిర్యాదు చేయడానికి రెండేళ్ల గడువుంది. అదే కరపత్రం అందుకున్నవాళ్లు ఇంకొందరు కలిస్తే, సెక్షన్ 35 కింద కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేసే వీలుంది. ఈసారి అలా వేయాలని మేం చూస్తున్నాం. తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపు నుంచి ఇప్పటికే కొందరు 699 బిల్లులు తెచ్చి చూపించారు.